వాలిపోయిన గీత

దడ్... దడ్... దడ్...

వరండా చివరికి ముందుగా చేరేది ఆ చప్పుడే. పోనుపోను దడదడలు ఒకదాన్నొకటి తరుముకుని, కలిసిపోయి, సన్నని మూలుగవుతాయి. ఆ మూలుగు పక్కన, కిటికీ లేని గదిలో, ఎత్తు స్టూలు మీద ఆమె కూర్చుని ఉంటుంది.

కుదుపుల్ని కొలిచే యాక్సిలరోమీటర్లను ఊగే బల్లకు బిగించి పరీక్షించడం ఆమె పని. తోటివాళ్లు ఊయలమ్మ అంటారు. "పొద్దస్తమానం ఊపుతూనే ఉంటావు, ఒక్కటైనా నిద్రపోయిందా?" అని ఆటపట్టిస్తారు. నవ్వుతుంది. ఇంటికెళ్లాక ఆ నవ్వు చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

మొన్నమొన్నటి దాకా అక్క ఉండేది. అక్కకు చెయ్యి వణుకు. కొత్త మాత్ర పనిచేస్తోందో లేదో చూద్దామని చెల్లెలు ఆమె మణికట్టుకు అలాంటి సెన్సర్ ఒకటి కట్టింది. తెర మీద గీత పిచ్చిగీతలా గజిబిజిగా వస్తుంటే, వేగమైన కదలికల్ని తగ్గించే ఫిల్టర్ హద్దును బాగా కిందికి దించింది. పెద్ద భవనాల నెమ్మది ఊపును కొలిచే పనిలో పట్టుబడ్డ అలవాటది. గీత పరిచిన దుప్పటిలా సర్దుకుంది.

"చెయ్యి బాగైందే! ఇంకా నీ మెడకు గుదిబండలా ఎందుకు?" అని అక్క పెట్టె సర్దుకుంది. దూరంగా ఒంటిగది అద్దెకు తీసుకుంది. ఆమె విప్పి ఇచ్చిన సెన్సర్‌ను చెల్లెలు పనిచోట, కళ్లెదురుగా పెట్టుకుంది.

ఒకరోజు కంపెనీ పత్రికకు రాసే ఆయన వచ్చి పని చూపించమన్నాడు. ఆమె ఆ సెన్సర్‌నే బల్లకు బిగించింది. దడదడ వేగం పుంజుకుంది. తెర మీద గీత మాత్రం వాలిపోసాగింది.

"బల్ల అలసిపోయిందాండీ?"

"దానికి అలుపేమిటండీ, అంతే బలంగా కుదుపుతోంది. ఫిల్టర్ గోడలా ఆపదు, ఏటవాలులా దించుతుంది. ఆ వాలులో బాగా దిగాక వేగం రెట్టింపైన ప్రతిసారీ గీత సగమై..."

మాట ఆగిపోయింది. గీత ఇంత తొందరగా వాలకూడదు. అక్క కోసం దించిన ఫిల్టర్ దాంట్లో అలాగే ఉంది. చేతులు వణికే వేగం ఇంకా ముందుంది. అక్కడికి చేరేసరికే సగానికి సగం కరిగిపోయింది.

అరచెయ్యి బల్లకు ఆనించింది. చెయ్యి దడదడలాడింది. అక్క చేతిలో చెంచా ఇలాగే ఆడేది. చూస్తూనే ఉండి, తెరను నమ్మింది.

ఫోన్ చేసింది.

"చెయ్యెలా ఉందక్కా?"

"దివ్యంగా ఉందే." వెనకాల కప్పు సాసరుకు తగిలి టకటకలాడుతోంది.

"తప్పు నాదేనక్కా. ఫిల్టర్ హద్దు మరీ దించేశాను. నీ చెయ్యి బాగవలేదు."

అవతల కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"తెలుసే పిచ్చిదానా. చెయ్యి నాది కాదూ? నువ్వంత సంబరపడుతుంటే కాదనలేకపోయాను."

"వచ్చెయ్యక్కా."

"చూద్దాంలే," అంది అక్క. ఫోన్ పెట్టేసింది.

ఎటు చూడాలో తెలియక, రాసే ఆయన తలుపు దాకా వెళ్లాడు. ఆమె బల్ల ఆపలేదు. చెయ్యీ తియ్యలేదు.

"ఏమండీ," అని పిలిచింది. "రాసేటప్పుడు గీత తగ్గిందని రాయండి. వణుకు తగ్గిందని మాత్రం రాయకండి."