పురుగుమందుల కొట్టాయన గొంతు

మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడిన ఏడాది అది. పూత కళ్లముందే రాలిపోతుంటే దర్శి చుట్టుపక్కల రైతులు ఏ మందు దొరికితే ఆ మందు కొడుతున్నారు. అప్పటికి నేను అక్కడి ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో ప్రొడ్యూసర్‌గా చేరి రెండేళ్లయింది. కమ్యూనిటీ రేడియో అంటే చుట్టూ ఉన్న కొన్ని ఊళ్లకు మాత్రమే వినపడే స్టేషన్. ప్రొడ్యూసర్ అంటే కార్యక్రమం ఆలోచన దగ్గర్నుంచి అది ప్రసారమయ్యేదాకా బాధ్యుడు. మేమున్నది ముగ్గురమే కాబట్టి స్క్రిప్టు రాసేదీ, మైకులు సర్దేదీ, వేషం వేసేదీ కూడా నేనే.

వేషాలు నాకు కొత్త కాదు. అంతకుముందు పదిహేనేళ్లు గుంటూరులో ఉంటూ పరిషత్తు నాటకాలాడాను. ఎక్కువగా దుష్టపాత్రలే. తెనాలిలో ఒకసారి నాటకం అయ్యాక ఒక ముసలావిడ స్టేజీ వెనక్కి వచ్చి, "నీకు పిల్లనెవరిచ్చార్రా?" అని తిట్టిపోసింది. మోకాలు దెబ్బతిని స్టేజీ మీద నిలబడటం కష్టమయ్యాక రేడియోకి వచ్చాను. గొంతుకి మోకాలితో పనిలేదు కదా అనుకున్నాను.

మందు కొట్టేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద ఒక నాటిక చేశాం. అందులో పురుగుమందుల కొట్టు యజమాని ఒక రైతుకు తప్పుడు సలహాలిస్తాడు. చివర్లో వ్యవసాయాధికారిణి వచ్చి అవన్నీ ఎందుకు తప్పో చెబుతుంది. కొట్టాయన నేనే. దాన్నుంచి ప్రోమో కత్తిరించాను. ప్రోమో అంటే అసలు కార్యక్రమం వినాలనిపించేలా పాటల మధ్య వేసే చిన్న ముక్క. అధికారిణి మాటలు చప్పగా అనిపించి నా డైలాగే పెట్టాను.

"రెండు మూతలేంటి మామా, నాలుగు పొయ్యి! ముక్కుకి గుడ్డలూ చేతులకి తొడుగులూ దేనికి? మీ నాయన కట్టాడా, మా నాయన కట్టాడా? ఈ పూట కొట్టు. రేపు తోటలో పురుగు కనపడితే నన్నడుగు."

దాని వెనక, "సాయంత్రం ఆరున్నరకు వినండి" అని ఒక్క మాట. మా స్టేషన్ మేనేజర్ సుజాత గారు విని, "మస్తాన్ గారూ, ఇదొక్కటే వింటే ఏమనుకుంటారండీ?" అని అడిగారు. "కాస్త సస్పెన్స్ ఉండాలి కదండీ" అన్నాను. రెండు రోజులు పొద్దున్నించి సాయంత్రందాకా అదే మోగింది.

నాటిక ప్రసారమైన మర్నాడు పదకొండింటికి స్టేషన్‌కి ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"అన్నా, ఆ పురుగుమందుల కొట్టాయన్ని ఒకసారి పిలుస్తారా?"

పాత్ర పేరుతో అడిగారంటే ఏ నటుడికైనా గర్వమే. "చెప్పమ్మా" అన్నాను నవ్వుతూ.

"ఆయన చెప్పిన మందు పేరు కావాలన్నా. మా ఆయన నిన్న మధ్యాహ్నం రేడియో విని నాలుగు మూతలు పోసి కొట్టాడు. రాత్రి నుంచి ఒకటే వాంతులు, నోట్లో నురగ. ఇప్పుడు మనిషికి తెలివి లేదు. ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాం. ఏం మందు కొట్టాడని డాక్టరు గారు అడుగుతున్నారు. రేడియోలో కొట్టాయన చెప్పాడనే నాతో అన్నాడు. తొందరగా అడిగి చెప్పన్నా."

ఎదురుగా ఉన్న మైకులూ తీగలూ కనపడుతున్నాయి గానీ ఎక్కడున్నానో తెలియలేదు.

"అమ్మా, కొట్టాయన లేడు" అన్నాను చివరికి.

"లేడా? ఎక్కడికెళ్లాడు?"

"అలాంటి మనిషే లేడమ్మా. అది నాటకం. ఆ గొంతు నాది."

అవతల ఎవరో స్ట్రెచర్ తోసుకెళుతున్న చప్పుడు. తర్వాత ఆవిడ మెల్లగా అడిగింది. "అయితే మందు పేరు నీకూ తెలీదా?"

ఆవిడ పేరు కోటేశ్వరి, భర్త ఏడుకొండలు. ఊరు మాకు దగ్గరే. మధ్యాహ్నం మళ్లీ వెయ్యాల్సిన నాటికను సుజాత గారు ఆపించి, నన్ను తన స్కూటర్ ఎక్కించుకుని బయల్దేరారు. పక్కింటాయన తోట చూపించాడు. మోటారు షెడ్డు వెనక గడ్డిలో ఖాళీ సీసా దొరికింది. డాక్టరుకు ఫోన్ చేసి లేబుల్ చదవబోయాను. నిండు సభలో ఏనాడూ తడబడని గొంతు ఆ నాలుగు ముక్కలు చదవలేక రెండుసార్లు ఆగిపోయింది.

"నిదానంగా చదవండి" అన్నాడు డాక్టరు. "కింద చిన్న అక్షరాలున్నాయి చూడండి, అవీ చదవండి."

మూడో రోజు ఒంగోలు వెళ్లాను. ఏడుకొండలు ఇంకా వెంటిలేటర్ మీదే ఉన్నాడు. వార్డు బయట నర్సును దారి అడుగుతుంటే బెంచీ మీదున్న ఒక ఆడమనిషి నా గొంతు విని చటుక్కున తలెత్తింది. కోటేశ్వరికి నా పేరు చెప్పాల్సిన పని లేకపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అబద్ధమైతే అబద్ధంలాగే చెప్పాలిగా అన్నా" అంది. "అంత నమ్మకంగా చెప్పావేంటి?"

పది రోజులకు ఏడుకొండలు బతికి బయటపడ్డాడు. ఆ ఏడు మళ్లీ తోటలో దిగలేకపోయాడు. ఉద్యోగం మానేస్తానని సుజాత గారితో అంటే, "మీరెళ్లిపోతే జరిగింది ఎవరు చెబుతారండీ? ముందు మైకు దగ్గర కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. కొట్టాయన గొంతు నాదేనని, అతను చెప్పినదంతా తప్పని, దాని వల్ల ఒక మనిషి చావుదాకా వెళ్లాడని నా పేరుతో చెప్పాను. ఆ ముక్కను ప్రోమో మోగిన ప్రతి వేళకూ వేశాం.

కొన్ని నెలల తర్వాత కోటేశ్వరి తనంతట తనే స్టేషన్‌కి వచ్చి మాట్లాడతానంది. స్క్రిప్టు లేదు. భర్త తనను గుర్తుపట్టని ఆ పొద్దుటి గురించి చెబుతూ హఠాత్తుగా ఆగిపోయింది. రేడియోలో ఏ శబ్దమూ లేని ఖాళీని డెడ్ ఎయిర్ అంటాం. స్టేషన్ పనిచెయ్యడం లేదేమోనని శ్రోత అనుకుంటాడు కాబట్టి ఎంత చిన్నదైనా కత్తిరించేస్తాం. ఆ ఖాళీ మాత్రం నేను కత్తిరించలేదు.

ఇప్పుడు ప్రోమో ఎవరు చేసినా, అందులో తప్పుడు మాట ఉంటే దాని జవాబూ అందులోనే ఉండాలంటాను. చప్పగా ఉన్నా సరే. తోటకు నీళ్లు పెట్టుకుంటూ విన్న మనిషి సాయంత్రం మళ్లీ రేడియో పెడతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. అతని చెవిన పడిన ఆ కాస్తే అతనికి మొత్తం కార్యక్రమం.