ముందు దిగువగేరికి

నిన్న ఎమ్మిగనూరులో మా ఆఫీసు గోదాములో బ్లీచింగ్ పౌడర్ బస్తా మూతి విప్పారు. ఘాటు గుప్పున ముక్కుకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ బయటికి పోయారు, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. హుసేనప్ప చొక్కాకు, అరచేతులకు, చివరికి ఆయన సద్ది కట్టుకునే గుడ్డకు కూడా ఆ వాసనే ఉండేది.

ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య, రోడ్డు వదిలి కొంచెం లోపలికి పోతే వచ్చే ఊళ్లో ఆయన నీళ్ల పంపు ఆపరేటరు. కాలువ నీళ్లు చెరువులో నింపి, ఇసుకలో వడగట్టి, మోటరుతో ట్యాంకుకు ఎక్కించి ఊరికి వదలడం ఆయన పని. పంచాయతీ కింద కాంట్రాక్టు ఉద్యోగం, ఎవరికి కోపమొచ్చినా పోయేది. నేను నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేరిన కొత్తలో, పాడైపోయిన పథకాలను బాగు చేయడానికి ప్రభుత్వం నిధులిస్తుందనీ, వెంటనే ప్రతిపాదనలు పంపాలనీ ఉత్తరువు వచ్చింది. "కొత్త ట్యాంకుకు రాయమ్మా, నలుగురికీ కనబడుతుంది" అన్నారు మా పై అధికారి. టేపు పట్టుకుని స్థలం కొలవడానికి వెళ్లాను. హుసేనప్ప టేపు కొస పట్టుకున్నారు గానీ ముందుకు కదల్లేదు. "ట్యాంకుకేమైంది మేడమ్? గట్టిగానే ఉండాది. సెడింది యాడో సూడల్లంటే నాతో నడిసి రండి" అన్నారు.

పైపు వెంబడి నడిపించుకుంటూ ఊరి పల్లంలో ఉన్న దిగువగేరి అనే వాడకు తీసుకుపోయారు. అక్కడ ఆ పాత పైపు మురికి కాలువ మధ్యలోంచి పోతోంది. అతుకుల దగ్గర బీటలు. మోటరు నడిచినంతసేపూ నీళ్లు బయటికి చిమ్ముతాయి, ఆపగానే ఆ బీటలే కాలువలోని మురుగును లోపలికి పీల్చుకుంటాయి. కొళాయి దగ్గర మరియమ్మ అనే ఆమె బిందె మూతికి పాత చీర ముక్క కట్టి నీళ్లు పడుతోంది. ఆమె కూతురు కామెర్లతో ఆదోని ఆసుపత్రిలో ఉండి అప్పుడే ఇంటికొచ్చింది. ఎండలో వచ్చానని మరియమ్మ నాకు గ్లాసుతో నీళ్లిచ్చింది. నోటి దాకా తీసుకుపోయేలోపు హుసేనప్ప చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు మేడమ్, మీకు పడవు."

మరియమ్మ ఆయన్ని కోపంగా ఏమీ చూడలేదు. "మేం దినామూ తాగేటివే గదప్పా" అంది. ఆ గ్లాసును ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఆ రోజే కూర్చుని ట్యాంకు మాట కొట్టేసి, కొత్త పైపులైనుకూ మురికి కాలువను గట్టిగా కట్టడానికీ ప్రతిపాదన రాశాను. పై అధికారి చదివి పెదవి విరిచారు. "పూడ్చిపెట్టే పైపును ఎవరు చూస్తారమ్మా?" అన్నారు, అయినా సంతకం పెట్టారు. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కొన్నాళ్లకు విజయవాడ నుంచి ఒక అధికారి ఆ ప్రతిపాదన మీద తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. అప్పుడు మాత్రం మా పై అధికారికి భయం పట్టుకుంది. ఆ నీళ్లు చూస్తే ఇన్నాళ్లూ ఏం చేశారని ముందు తననే అడుగుతారు. ఒక గంట ముందే నీళ్లు వదిలి మురికంతా పోనివ్వమనీ, బ్లీచింగ్ ఎక్కువ కలపమనీ నాతో చెప్పారు. తనిఖీ రోజు తెల్లారకముందే నేను పోయి హుసేనప్పకు చెప్పాను. ఆయన వాల్వు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయారు. "దినామూ ఏ పొద్దుకు ఇడుస్తానో ఆ పొద్దుకే ఇడుస్తా మేడమ్. ఏమనుకోవద్దండి" అన్నారు. "ఉద్యోగం తీసేస్తారన్నా" అన్నాను. ఆయన వాల్వు తిప్పలేదు. నేనూ రెండో మాట అనలేదు. పై అధికారికి ఫోను చేసి చెప్పాల్సింది, అదీ చేయలేదు. పక్కనే ఉన్న రాతి మీద కూర్చున్నాను, అంతే.

ఆ ఉదయం మరియమ్మ కొళాయి ముందు జీపు ఆగింది. తిప్పగానే మొదట గాలి బుసకొట్టింది, తర్వాత నల్లటి నీళ్లు దూకాయి. కంపు. వచ్చిన అధికారి రెండడుగులు వెనక్కి వేశారు. మా పై అధికారి ముఖం మాడిపోయింది. "ఎప్పటినుంచి ఇలా వస్తున్నాయి?" అని ఆ అధికారి అడిగితే హుసేనప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ముందుకొచ్చారు. "శానా ఏండ్ల నుంచి సార్. మోటరు ఆపినప్పుడు మురికి లోపలికి పోతాది. ఆపేదీ నేనే, ఇడిసేదీ నేనే. ఈ నీళ్లు నా సేత్తోనే వీళ్లకు ఇస్తాండా. తప్పు నాది గూడా ఉండాది." ఇక ఎవరూ ఎవరి మీదా అరవలేకపోయారు.

నిధులు మంజూరయ్యాయి గానీ ఒక్కసారిగా రాలేదు. మొదటి విడత సగం ఊరికే సరిపోతుంది. ఏ సగం? పంచాయతీలో పెద్ద గొడవ. ఎగువగేరి వాళ్లు, రోడ్డు తమ వైపుంది గనక పని తమ వైపు నుంచే మొదలుకావాలన్నారు. హుసేనప్ప ఇల్లూ ఎగువగేరిలోనే. నువ్వేమంటావని సర్పంచు ఆయన్నే అడిగాడు, తమవాడేగదా అన్న ధీమాతో. "ముందు దిగువగేరికి. మనకు సన్నగానైనా మంచి నీళ్లు వస్తాండాయి. వాళ్లకు రోగాలు వస్తాండాయి" అన్నారాయన. ఆ రోజు నుంచి పక్కింటి వాళ్లే ఆయనతో మాట్లాడలేదు. భార్య ఈరమ్మ నా ఎదుటే, "ఊరికంతా నీళ్లిస్తాడమ్మా, ఇంటికి మాత్రం ఇయ్యడు" అని కళ్లొత్తుకుంది. ఏడాది తిరక్కుండానే వయసైందని చెప్పి ఆయన్ని పనిలోంచి తీసేశారు.

దిగువగేరికి కొత్త పైపు పడింది గానీ, రెండో విడత ఏళ్లకేళ్లు రాలేదు. ఈలోగా ఎండాకాలంలో ఎగువగేరి కొళాయిలు ఎండిపోయాయి. హుసేనప్ప సైకిలుకు రెండు బిందెలు తగిలించుకుని దిగువగేరికి పోయి మరియమ్మ కొళాయిలో పట్టుకొచ్చేవారు. మొదట ఆయన్ని చూసి నవ్వారు. తర్వాత ఒకరిద్దరు, ఆ తర్వాత ఎగువగేరి ఆడవాళ్లంతా బిందెలెత్తుకుని అక్కడికే పోయి వరసలో నిలబడ్డారు. ఒకప్పుడు దిగువగేరిలో మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లు. ముందు మీరు పట్టుకోండని మరియమ్మ ఎవరితోనూ అనలేదు, వద్దనీ అనలేదు. వరస ప్రకారం పట్టుకోమంది.

నాకు ఎమ్మిగనూరు బదిలీ అయినప్పుడు చెప్పి వద్దామని వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది చెప్పేశాను. "ఆ తనిఖీ రోజు నేను చాలా భయపడ్డానన్నా. మీలాగా ధైర్యంగా ఉండలేకపోయాను."

ఆయన నవ్వారు. "ధైర్యమా? నాకు యాడిది తల్లీ? మీరు ఇంగోసారి సెప్పింటే నీళ్లు ముందే ఇడిసేస్తాంటి. సెప్పకుండా పక్కన కూసుంటిరే, దానికే నిలబడినా."

ఎగువగేరికి పైపు పడిన రెండో నెలలో ఆయన పోయారు. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. పై నుంచి వచ్చిన మాటను వాళ్లకు చేరవేయడం నా ఉద్యోగం, చేరవేస్తాను. విన్నాక ఎవరైనా తల వంచుకుని ఊరకే నిలబడితే రెండోసారి చెప్పను. కుర్చీ లాక్కుని ఆ మనిషి పక్కన కాసేపు కూర్చుంటాను.