కూడిక వైపు ముల్లు

మా మనవరాలి కరెంటు కారు ఎక్కినప్పుడల్లా నేను ముందు సీట్లోనే కూర్చుంటాను. బేటరీ ఎంత మిగిలిందో చూపించే అద్దం అక్కడే ఉంటుంది. చల్లగాలి పెంచితే అంకె తొందరగా దిగుతుంది. దిగుడు రోడ్డులో ఒక్కోసారి కొంచెం ఎక్కుతుంది కూడా.

"కిటికీ దించు, ఆ గాలి కట్టెయ్" అంటాను.

"కంగారు పడకు మామ్మా, ఊరెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగుల్తాది" అంటుంది అది.

కంగారు కాదు. ఉన్నదెంత, పోతున్నదెంత అని చూసుకోకుండా కూర్చోవడం నాకు చేతకాదు. ఆ అలవాటు నాకు పంతొమ్మిది వందల అరవైల చివర్లో, మా పాత పెట్రోలు కారులో పట్టుకుంది.

నేను మూడో తరగతితో బడి మానేశాను. మేనమామ కొడుకునే చేసుకున్నాను కాబట్టి మొగుణ్ని బావా అని, మామగారిని మావా అని పిలిచేదాన్ని. మాది శ్రీముఖలింగం దగ్గర వరి పండించే కుటుంబం. మావ ఎడ్లను తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు. అలాంటి ఇంటికి బావ బొబ్బిలిలో ఒక షావుకారు వాడి వదిలేసిన కారు తోలుకొచ్చాడు. పెళ్లిళ్లకీ, గుడికొచ్చే యాత్రికులకీ బాడుగకు తిప్పేవాడు. కారు మంచిదే. బేటరీయే ముసలిది. ముందు నుంచి తిప్పే హేండిల్ కూడా అరిగిపోయింది. సెల్ఫ్ నొక్కితే ఇంజను అందుకోవాలి, లేదంటే జనం వెనక చేరి తొయ్యాలి. మా కారు ఆగి ఉండడం చూస్తే ఊళ్లో మగవాళ్లు పక్క సందులోంచి పోయేవారు.

స్టీరింగు పక్కన గుండ్రటి అద్దంలో ఒక ముల్లు ఉండేది. దానికి ఒక పక్క కూడిక గుర్తు, రెండో పక్క తీసివేత గుర్తు. బడిలో నాకు గట్టిగా వచ్చినవి ఆ రెండే. బాడుగ లేని రోజుల్లో బావ పక్కన కూర్చుని ఆ ముల్లు సంగతి కనిపెట్టాను. కారు జోరుగా పోతే అది కూడిక వైపు ఒరుగుతుంది, అంటే బేటరీలోకి పడుతోందన్నమాట. దీపాలు వేసుకుని మెల్లగా పోతే తీసివేత వైపు వాలిపోతుంది. హారన్ కొడితే ఉలిక్కిపడుతుంది. బియ్యం కుండలో ఎంత పోశామో, ఎంత తీశామో మూత తియ్యగానే తెలిసే మనిషిని. ఇది తెలియడం ఒక లెక్కా?

బావకి హారనంటే ప్రాణం. గొర్రె అడ్డొచ్చినా కొట్టేవాడు, రాకపోయినా కొట్టేవాడు.

"నీ మొకం సూపించు సాలు, గొర్రెలు ఆటికవే తప్పుకుంటాయి. హారనెందుకు?" అనేదాన్ని.

"పెట్రోలు పోసినా నీకు బాదే, హారన్ కొట్టినా బాదే. నా ఊపిరిక్కూడా లెక్క కట్టీ!" అనేవాడు.

అలా ఉండగా మా ఆడపడుచు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుది కళింగపట్నం పక్క ఊరు. మా ఇంట్లో పెళ్లయ్యాక పిల్లని మా కారులోనే అత్తారింటికి తీసుకెళ్లాలి. ముందురోజు భోజనాల దగ్గర మావ అందరూ వినేలా చెప్పాడు.

"ఒరే, ఇయ్యాలోరి గుమ్మంలో గానీ నా సేత కారు తోయించీవంటే, అది మరి మనింట్లో ఉండదు. అమ్మీసి ఎడ్లజత తెచ్చీసుకుంటాను."

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కారు పోతే మళ్లీ నాగలి పట్టుకోవాలి. అది చిన్నతనమేమీ కాదు. కానీ స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఆ మనిషి మొహంలో కనిపించే వెలుగు పొలంలో నేనెప్పుడూ చూడలేదు. ఆ కారు మా ఇంట్లోనే ఉండాలని నేను ఆ పూటే అనుకున్నాను. పైకి మాత్రం, "ముద్ద తిను, అన్నం పారెయ్యకు" అన్నాను.

పెళ్లికూతురికి తోడుగా నన్ను పంపారు. వెనక కొత్త దంపతులు, వాళ్ల పక్కన మావ. ముందు బావ, నేను. దారి పొడుగునా నా చూపు ముల్లు మీదే.

"జోరుగా పోనీ బావా, కూడికలో ఉన్నాది. హారన్ మీద సెయ్యి తియ్యి."

"ఏటమ్మా, దారి సూడకుండా ఆ గడియారం సూస్తన్నావు?" అన్నాడు మావ వెనకనుంచి.

"దారి మీ అబ్బాయి సూస్తాడు మావా."

పొద్దు వాలేవేళకి పెళ్లికొడుకు ఊరి మొగదలకు చేరాం. డప్పులు, సన్నాయి, నెత్తిన పెట్రోమాక్సు లైట్లతో మనుషులు సిద్ధంగా ఉన్నారు. కారులో పెళ్లివారొస్తే దీపాలన్నీ వేసి, లోపలి బల్బు కూడా వెలిగించి, హారన్ మోగిస్తూ నడక వేగంతో ఇంటిదాకా ఊరేగడం అక్కడి వేడుక. పెళ్లికొడుకు నాయనమ్మ చేతికర్రతో వచ్చి కిటికీలో తల పెట్టింది.

"దీపాలెయ్యరేటమ్మా? మా గుంటడ్ని సీకట్లో ఊరేగిస్తారేటి?"

బావ చెయ్యి స్విచ్చు మీదకి పోయింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. నడక వేగంలో ఇంజను బేటరీకి ఏమీ పొయ్యదు, దీపాలు మాత్రం తోడేస్తూనే ఉంటాయి. ఊరంతా అలా తిరిగితే పొద్దున్న సెల్ఫ్ అందుకోదు. మా బేటరీ ముసలిదని వియ్యాలవారికి చెప్పుకోలేం. వెనక సీట్లో మావ దగ్గడం మొదలుపెట్టాడు.

"కారు దీపాలెలిగిస్తే డప్పులోళ్ల ఈపులు కనిపిస్తాయి పెద్దమ్మా. మీ మనవడి మొకం, మా పిల్ల మొకం ఊరికి కనిపించొద్దేటి? ఆ లైట్లు ఇటొకటి, అటొకటి కిటికీల కాడికి రప్పించండి" అన్నాను.

ముసలావిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఒరే, డప్పులకెందుకురా లైట్లు? ఇటట్రండి బేగి!" అని కేకేసింది.

పెట్రోమాక్సు వెలుగులో మా పిల్ల మొహం మెరిసిపోయింది. ఆడవాళ్లు కిటికీలు వదిలితేగా! నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

గుమ్మం ముందు కారు ఆగాక ఇంకో గండం. తాళం తీసేసినా హారన్ మోగే కారు అది. ఊళ్లో పిల్లలంతా మూగి తలా ఒకసారి నొక్కుతున్నారు. అరిస్తే బాగుండదు, అది మా ఊరు కాదు. ముసలావిడ దగ్గరకి వెళ్లాను.

"పెద్దమ్మా, కారులో కూకుంటారా?"

ఆవిడని తీసుకెళ్లి స్టీరింగు ముందే కూర్చోబెట్టాను. ఇక చూడాలి. "ఒరే గుంటల్లారా, సెయ్యేసేరంటే ఇరగ్గొట్టీగలను!" అని కర్ర ఆడిస్తూ, పెట్టిన లడ్డు కూడా అక్కడే తింది. దిగమంటే దిగలేదు. భోజనాల వేళకి నేను లోపల ఉండగా బాం మని హారన్ మోగింది. పరుగెత్తాను. పిల్లలెవరూ లేరు.

"నానే నొక్కీనానమ్మా" అంది ముసలావిడ, దొరికిపోయినట్టు. "ఇంత వయసొచ్చింది. ఇప్పుడు నొక్కక మరెప్పుడు నొక్కుతాను?"

నాకు నవ్వొచ్చింది. "ఇంకోసారి నొక్కండి. పొట్టిగా" అన్నాను.

పొద్దున్న సాగనంపడానికి వియ్యాలవారంతా వీధిలోకి వచ్చారు. మావ కారెక్కలేదు. పంచె ఎగ్గట్టి, అడక్కుండానే కారు వెనక్కి నడిచి నిలబడ్డాడు. బావ నావైపు చూశాడు. తల ఊపాను. సెల్ఫ్ నొక్కాడు. ఒకసారి బద్ధకంగా మూలిగింది. మరుక్షణం ఇంజను అందుకుంది.

మావ పంచె దించుకుని, దుమ్ము దులుపుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటాం. రోడ్డు తిన్నగా అయ్యాక కారు జోరందుకుంది.

"అమ్మీ, ముల్లు ఎటేపున్నాది?" అన్నాడు మావ.

"కూడికేపే మావా."

"అయితే ఆడ్నోసారి హారన్ కొట్టుకోనీ."

ముందు దారిలో గొర్రె కూడా లేదు. బావ తనివితీరా కొట్టాడు. ముల్లు ఉలిక్కిపడింది. నేను చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.