అమ్మ ఉడకబెట్టిన ఈత డ్రాయరు

కాలవలో ఈదేవాడికి డ్రాయరెందుకండీ? తువ్వాలు గోచీ పెట్టి మొలతాడుకి బిగిస్తే, గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఈదినా ఊడేది కాదు. అలా ఈత నేర్చిన నన్ను డిగ్రీ చదివే రోజుల్లో యూనివర్సిటీ జట్టు ఎంపికలకి విశాఖపట్నం రమ్మన్నారు. మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ గారు మాత్రం ముందే హెచ్చరించారు. "గోచీలూ బెర్ముడాలూ కుదరవు. ఒంటికి అతుక్కునే స్విమ్మింగ్ డ్రాయరు ఉండాలి. లేకపోతే నీళ్ళలోకి దిగనివ్వరు."

నాన్నకి నా ఈతంటేనే పడదు. "ఇదే ఆఖరు. జట్టులో పేరొచ్చిందా సరే. రాలేదా, ఈత కట్టిపెట్టి రొయ్యల చెరువు మీద కాపలాకి రా" అని తేల్చేశారు. ఆయన మాటంటే మాటే. చెరువు పనికి నేను వెనకాడేవాణ్ణి కాదు, కానీ ఈత మానేయాలంటే ఏడుపొచ్చేది.

రాజమండ్రి బట్టల కొట్లన్నీ తిరిగాను. "బనీన్లున్నాయి, మామూలు డ్రాయర్లున్నాయి. ఈతకి వేరే ఉంటాయేంటండీ?" అని నవ్వారు. చివరికి నెట్ సెంటర్లో కూర్చుని, మగవాళ్ళ లోబట్టలూ ఈత బట్టలూ అమ్మే వెబ్‌సైటు ఒకటి పట్టాను. తెర మీద ఆ బొమ్మలు చూసి పక్క కుర్చీలో ఆవిడ విసురుగా లేచిపోయింది. సిగ్గుతో చచ్చాను. సైజు అడిగినచోట అమ్మ ఎప్పుడూ చెప్పే మాటే పాటించాను. కొత్త బట్ట ఉతికితే ముడుచుకుంటుంది, ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

ప్రయాణానికి ముందురోజు పార్సిలు వచ్చింది. నేను కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి నా డ్రాయరు పెరట్లో పొయ్యి మీద, బట్టల సోడా వేసిన గిన్నెలో కుతకుతమని ఉడుకుతోంది!

"అమ్మా! ఏంటిది?"

"ఎవరెవరు తొడిగి చూశారో ఏంటో! లోపలేసుకునేది కదరా. ఉడికిస్తే మురికీ పోద్ది, వదులూ తగ్గుద్ది."

అదేమన్నా నూలు బట్టా ముడుచుకోడానికి? ఎలాస్టిక్ చచ్చిపోయింది. లాగితే సాగిందే తప్ప వెనక్కి రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అమ్మని ఏమనగలను? పాపం, నా మంచికే చేసింది.

మర్నాడు విశాఖపట్నంలో ఈతకొలను దగ్గర బట్టలు మార్చుకునే గదిలో దాన్ని మొలతాడు కిందికి దోపి, రెండు మడతలు పెట్టాను. జట్టులో చోటు మొదటి ఇద్దరికే. నాతోపాటే వచ్చిన నాన్న గట్టు మీద నిలబడ్డారు. ఓడితే అటునుంచి అటే చెరువుకి లాక్కుపోయేలా ఉన్నారు.

విజిల్ ఊదారు. దూకిన విసురుకి మొలతాడు పుటుక్కున తెగింది. డ్రాయరు తుంటి మీదికి జారింది. అవతలి గోడ దాకా తొడలు దగ్గర పెట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చాను. వెనక్కి తిరిగి గోడని తన్నానో లేదో, అది మోకాళ్ళ దగ్గరికి దిగిపోయింది. ఎడం చెయ్యి ఇక దాన్ని పట్టుకోవడానికే సరిపోయింది. పక్క లైనువాడు నన్ను దాటేశాడు. నేనిప్పుడు మూడోవాణ్ణి. వదిలేద్దామా అంటే గట్టు మీద జనం, అందులో ఆడపిల్లల జట్టు కూడానూ. ఓరి భగవంతుడా! పట్టుకుంటే ఈత పోతుంది, వదిలితే పరువు పోతుంది. నాదే కాదు, నాన్నది కూడా.

నీళ్ళలోకి నాన్న గొంతే వినబడింది.

"వదిలెయ్యరా ఆ దరిద్రాన్ని! ఈదు!"

వదిలేశాను. రెండు చేతులూ వేశాను. కాళ్ళకి చుట్టుకున్నదాన్ని ఒక్క తన్ను తన్ని, ఊపిరి బిగబట్టి ఈదాను. గోడకి పక్కవాడికంటే వెంట్రుకవాసి ముందు నా చెయ్యి తగిలింది.

తలెత్తేసరికి నాన్న గట్టు అంచున మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీది కండువా తీసి నీళ్ళలోనే నా నడుము చుట్టూ చుడుతున్నారు. ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి. ఎంపికల ఆఫీసరొకాయన కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నాన్న ఆయన వైపు చూడనైనా లేదు.

"రెండోవాడు మావాడేనండి," అన్నారు ముడి బిగిస్తూ. "ముందు పేరు రాసుకోండి. తిట్లు తరవాత నేను పడతాను."