ముసురుల లాంచీ మీద నాలుగు దినాలు

మేం చిన్నగున్నప్పుడు... అశోక్ నగర్‌ల మురికినీళ్ళ నాలా పక్కన ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఉండేటోళ్ళం. నాయిన, అమ్మ, నేను, మూడేండ్ల తమ్ముడు. నాయిన హుస్సేన్ సాగర్‌ల లాంచీ నడిపేటోడు. నేను నాలుగో తరగతి.

తొంభై మూడో, నాలుగో ఏడు... ముసురు పట్టి ఇడువలే. ఒకరోజు పొద్దుగాల లేచి కాలు కింద పెడితే మోకాళ్ళ దాంక నాలా నీళ్ళు. నల్లగ, చిక్కగ... బియ్యం గంజులకు సుత వచ్చినయి. పొయ్యి పక్కన చచ్చిన ఎలుక తేలుతున్నది.

మా అమ్మకు శుభ్రం పిచ్చి. కాళ్ళు కడుక్కోకుంటే కడప దాటనియ్యకపోయేది. అసొంటి మనిషి ఆ నీళ్ళల్ల నిలబడి, తమ్మున్ని చంకనేసుకొని ఏడ్చింది.

చిక్కడపల్లిల మా పెద్దమ్మది మేడ మీద ఇల్లు. అక్కడికి పోయినం. పెద్దమ్మ మెట్ల మీదనే ఆపింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏందే చెల్లె ఈ కంపు... ఇంట్ల పూజ ఉన్నది, ఎట్ల రానియ్యాలె?" అన్నది.

అమ్మ "పదుండ్రి" అని ఎనకకు తిరిగింది.

సాగర్ ఒడ్డున, ఇంజన్ చెడిపోయి కట్టేసిన పాత లాంచీ ఒకటుండె. నాయిన మమ్మల్ని దాంట్లకు తీసుకపోయిండు. "వాన తగ్గేదాంక ఇక్కడనే... జర ఓర్సుకో" అన్నడు అమ్మతోని.

నీళ్ళు పచ్చగ... మీద నురుగు, చచ్చిన చేపలు, కుళ్ళిన పూలదండలు. గాలి కొట్టినప్పుడల్ల ఆ కంపు లోపలికొచ్చి బొంతలకు, అన్నానికి, మా ఎంటికెలకు పట్టుకున్నది. లాంచీ ఊగుడుకు తమ్ముడు ఒకటే కక్కుడు. అమ్మ ఎత్తిపోసుడు, తుడుసుడు. నేను ముద్ద నోట్ల పెట్టుకొని మింగలేక ఏడ్సేదాన్ని. ఛీ... ఏం బతుకో అనిపించేది ఆ వయసుల్నే.

మూడోరోజు మధ్యాహ్నం నాయిన ఇల్లు చూసొస్తనని పోయిండు. అప్పుడే గాలి లేచింది. ముందటి తాడు ఫట్టున తెగింది. ఒడ్డుకేసిన పలక నీళ్ళల్ల పడ్డది. లాంచీ ముందుభాగం సాగర్ నడిమికి తిరిగింది. ఇంక ఎనక తాడు ఒక్కటే ఆపుతున్నది... అది సుత కిర్రుమంటున్నది.

అమ్మకు ఈత రాదు.

మూలకున్న తాడుచుట్ట తీసి, ఒక కొస లాంచీ కొక్కానికి కట్టింది. ఇంకో కొస చేతికి చుట్టుకున్నది. "తమ్మున్ని ఇడువకు... నేను పిలిచేదాంక లేవొద్దు" అన్నది నాతోని. కొంగు నడుముకు చెక్కుకొని ఆ నీళ్ళల్లకు దిగింది. ఛాతీ దాంక వచ్చినయి. ఒక అల మొకం మీద కొట్టింది, నీళ్ళు నోట్లకు పోయినయి. ఉమ్మి, మళ్ళ నడిచింది. ఒడ్డున ఇనుప గుంజకు తాడు చుట్టి, కాలు తన్నిపెట్టి గుంజింది. లాంచీ మెల్లమెల్లగ ఒడ్డుకొచ్చింది.

అమ్మ పైకెక్కినంక చూస్తే... ఎంటికెల నిండ పాచి, చీరెకు నల్ల బురద. వణుక్కుంట "రా బిడ్డ" అని చేతులు చాపింది.

నేను ముక్కు మూసుకొని ఎనకకు జరిగిన. పెద్దమ్మ లెక్కనే.

అమ్మ చూసింది. చేతులు దించుకున్నది. వాననీళ్ళు పట్టిన బకెట్ తీసుకొని పక్కకు పోయి తానం చేసింది... మళ్ళ చేసింది... ఎర్ర సబ్బు అరిగిపోయేదాంక రుద్దుకున్నది.

నాయిన వచ్చి తాడు చూసిండు. "ఎవరు కట్టిన్రు?"

"నేనే."

ఆయన తెచ్చిన రొట్టెలు పెట్టిండు. అమ్మ తన చేతులు తనే వాసన చూసుకొని పళ్ళెం పక్కకు జరిపింది. నాయిన తుంపి నోట్ల పెట్టిండు. మా ముందట ఆయన గట్ల చేసుడు అదే మొదలు.

మర్నాడు వాన ఆగింది. ఇల్లు కడుక్కునేసరికి వారం పట్టింది. కంపు పోయేసరికి ఎన్నాళ్ళు పట్టిందో లెక్క లేదు.

ఇప్పుడు నారాయణగూడల మూడో అంతస్తుల ఉంటున్నం. వానొస్తే మా పిల్లలు కిటికీ మూసి ఫోన్లు పట్టుకుంటరు... నీళ్ళు ఇంట్లకొస్తయంటే నమ్మరు. మొన్న అమ్మను అడిగిన, "ఆ రోజు నా మీద కోపమొచ్చిందా?" అని. అమ్మ నవ్వింది. "చిన్నపోరివి... ఆ రోజు నాకే నేనంటే రోత పుట్టింది" అన్నది.

ఆ ఒక్క మాట అడిగేటందుకు నాకు ముప్పై ఏండ్లు పట్టింది...

నాలా పక్కన పెరిగినోళ్ళు ఎవరన్న ఉంటే, మీ ఇంట్ల ఆ నీళ్ళల్లకు దిగిన మనిషి ఎవరో జర చెప్పుండ్రి...