తారూత్ కోటలో రాణి శత్రువు కోసం వెతికిన రోజు

ఈ ప్రయాణం ఒక పాఠం కోసం మొదలైంది. అల్ ఖోబర్‌లో బ్రిటిష్ సిలబస్ చెప్పే స్కూల్లో నేను చరిత్ర టీచర్‌ని. చేరి మూడు నెలలు కావస్తోంది. ఇక్కడ వారం మొదలయ్యే ఆదివారం, మొదటి పీరియడ్‌లో కోఆర్డినేటర్ మేడమ్ వెనక కూర్చుని నా పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం ఖాయం. లేకపోతే వీసా రద్దు, ఫైనల్ ఎగ్జిట్, గుంటూరు. ఇంతకుముందు ఒకసారి విని, "నువ్వు పిల్లలకి చెప్పడం లేదు, నీలో నువ్వు చదువుకుంటున్నావు" అన్నారు. నిజమే. నాకు పదిమంది ఎదురుగా నిలబడితే గొంతు లోపలికి పోతుంది.

పాఠం మాత్రం నాకు ప్రాణం. ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్. ఆమె గురించి నాకు మొదట చెప్పింది కాన్వెంట్‌లో మా సిస్టర్. తండ్రి మతం మార్చాడు, తమ్ముడు ఇంకా మార్చాడు, అక్క మళ్లీ పాత మతానికి తిప్పి ఎదురు చెప్పినవాళ్లను తగలబెట్టించింది. ఇరవై అయిదేళ్లకు ఈమె చేతికి వచ్చింది అలాంటి దేశం. "పాపం, ఆ పిల్ల ఎన్ని రాత్రులు నిద్రపోయిందో" అనేవారు సిస్టర్. పోప్ వెలివేసిన రాణి మీద ఒక కాథలిక్ సిస్టర్ అంత జాలిపడటం వింతని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

స్టాఫ్‌రూమ్ పుస్తకంలో ఒక వాక్యం దొరికింది. ఖతీఫ్ పక్కన తారూత్ దీవిలో ఉన్న కోటను ఆ శతాబ్దంలోనే పోర్చుగీసువాళ్లు బాగు చేయించారట. ఆ పోర్చుగల్ దేశమే తర్వాత స్పెయిన్ రాజు ఫిలిప్ చేతికి వెళ్లింది. ఎలిజబెత్ మీదికి ఓడల దండును పంపింది ఆ ఫిలిపే. అంటే రాణిగారి శత్రువు కోట మా స్కూలుకి గంట దూరంలోనే ఉందన్నమాట! దాని ఫోటోతో పాఠం మొదలుపెడితే పిల్లలు ఆవులించరు. నోట్సు పద్నాలుగు పేజీలు రాశాను. మొదటి పేజీ మొత్తం ఆ కోటే.

శనివారం ఉదయం ఎనిమిదికి మస్తాన్ అన్న కారు వచ్చింది. ఆయనది రాయచోటి. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ డ్రైవరు. మా స్కూలు టీచర్లందరికీ తెలిసిన మనిషి. వెయిటింగుతో కలిపి సగం రోజుకి నూట అరవై రియాళ్లు అడిగారు. యాప్‌లో వెళ్తే కాస్త తగ్గుతుంది కానీ తిరుగు కారు దొరకడం కష్టం. దమ్మామ్ మీదుగా ఖతీఫ్, అక్కడి నుంచి సముద్రం మీది రోడ్డు దాటితే తారూత్. దారిలో నేను నోట్సు తిరగేస్తుంటే అద్దంలోంచి చూసి అడిగారు.

"ఏంది టీచరమ్మా, పరీక్ష నీకా, పిల్లోల్లకా?"

"నాకేనన్నా."

"దేని మీద?"

చెప్పాను. అక్క ఒక మతం, చెల్లి ఒక మతం అనేసరికి ఆయన కారు కొంచెం నెమ్మది చేశారు. "ఒకే ఇంట్లోనా? పండగకి ఏం వండుకుంటాండిరి మల్లా?" అన్నారు. పద్నాలుగు పేజీల్లో దీనికి జవాబు లేదు.

తొమ్మిది లోపే కోట దగ్గరికి చేరాం. దీవి మధ్యలో, పాత ఇళ్ల మధ్య, దిబ్బ మీద మట్టిరంగు గుండ్రటి బురుజులు. చిన్న కోట. నాలుగు వైపులా తిరిగితే పది నిమిషాలు పట్టదు. చుట్టూ కంచె, గేటుకి తాళం. లోపలికి వెళ్లనివ్వరని నేను ముందుగా కనుక్కోలేదు. కంచె బయట నుంచే ఫోటోలు తీసుకున్నాను. పొద్దుటి ఎండలో బురుజులు కాల్చిన రొట్టె రంగులో ఉన్నాయి. శత్రువు కోట అనుకుని చూస్తున్నా ముద్దుగానే ఉంది.

కోటకి ఎదురుగానే ఒక పాత కాఫీ దుకాణం ఉంది. బయట బల్లలు. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన్ని అందరూ అబూ అలీ అంటున్నారు. ఈ వీధిలోనే పుట్టి పెరిగారట. మాకూ టీ పోయించారు. మస్తాన్ అన్న అరబీలో నా సంగతి చెప్పేశారు, నేను వద్దని సైగ చేస్తున్నా వినకుండా. అబూ అలీ శ్రద్ధగా విని, ఏదో అడిగి, పెద్దగా నవ్వారు.

"ఏమంటున్నారన్నా?"

"మీ రాణి పట్టానికొచ్చింది ఎప్పుడని అడుగుతాండాడు. ఆమె రాకముందే పోర్చుగీసోల్లు ఈడ్నించి పాయిరంట. తుర్కీ సుల్తాన్ మనుషులొచ్చి కూచున్యారంట. నీ శత్రువు యాడ్నో బహ్రెయిన్‌లో ఉన్యాడంట బిడ్డా, ఈడ వెతికితే యాడ దొరుకుతాడంటాడు."

ఫోన్లో చూశాను. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఫిలిప్‌కి పోర్చుగల్ దక్కేనాటికి, ఇక్కడ పోర్చుగీసువాళ్లు లేక దాదాపు ముప్పై ఏళ్లయింది. రెండు నిజాలను పక్కపక్కన పెట్టి, మధ్యలో ఏళ్లు లెక్క చూసుకోకుండా అతికించేశాను. చరిత్ర టీచర్‌ని! రేపు ఉదయం ఎనిమిదింటికి పాఠం, మొదటి పేజీ పోయింది. టీకి డబ్బులివ్వబోతే అబూ అలీ తీసుకోలేదు. లేచి నిలబడి సలాం చెప్పారు.

పదకొండుకి ఖతీఫ్ చేపల మార్కెట్‌కి వెళ్లాం. వెనక్కి వెళ్లిపోదామన్నాను కానీ, "తప్పు రాస్తివని తిండి మానుకుంటావా?" అని మస్తాన్ అన్న ఒప్పుకోలేదు. ఇక్కడ పద్ధతేమిటంటే మార్కెట్లో చేప మనమే కొని పక్కనున్న వేపుడు కొట్లో ఇవ్వాలి, వాళ్లు శుభ్రం చేసి వేయించి అన్నంతో పెడతారు. హమూర్ చేప, వేయించినందుకు కూలి, అన్నం కలిపి ముగ్గురికి సరిపడా డెబ్బై రియాళ్లయింది. మూడో మనిషి ఎవరంటే కొట్లో వంటాయన సత్తిబాబు గారు. నర్సాపురం ఆయనది. మా మాటలు విని తనే వచ్చి కూర్చున్నారు.

"ఏంటండి, పాప మొహం అలా ఉంది?"

"రాణెమ్మ శత్రువు తప్పిపోయినాడు" అన్నారు మస్తాన్ అన్న.

నవ్వొచ్చింది. కాగితాలు కారులోనే వదిలేశాను. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను, పాత మతంవాళ్లనీ కొత్త మతంవాళ్లనీ ఒకే చర్చిలో కూర్చోబెట్టడానికి ఆమె ప్రార్థన ఇంగ్లీషులోకి మార్చి, పాతవాళ్ల కోసం ఫాదర్ల బట్టలు అలాగే ఉంచిందని. పెళ్లికి వచ్చిన రాజులందరికీ అవుననకుండా, కాదనకుండా ఏళ్లు గడిపిందని.

"మా యజమాని, ఆ కఫీల్ మాదిరే. జీతం పెంచమంటే పదేండ్లుగా బుక్రా, బుక్రా. రేపనేది అయిపోనే పోదు" అన్నారు మస్తాన్ అన్న.

"మరి పోప్ గారు వెలేసి, స్పెయిను రాజు ఓడలేసుకొస్తే ఆవిడకి తోడెవరండి?" అన్నారు సత్తిబాబు గారు.

"పెద్దగా ఎవరూ లేరండి. తుర్కీ సుల్తాన్‌కి ఉత్తరాలు రాసింది. ఆయనకీ స్పెయిన్ అంటే పడదు. తగరం, సీసం పంపించేది..."

అక్కడ ఆగిపోయాను. తుర్కీ సుల్తాన్! పొద్దున నేను చూసింది శత్రువు కోట కాదు. రాణి ఉత్తరాలు రాసుకున్న సుల్తాన్‌ల కోట. ఆ మాట పైకే అనేశాను. మా ఇద్దరి వైపూ చూసి సత్తిబాబు గారు, "పోయింది శత్రువేగా, చుట్టం దొరికాడు కదండీ" అన్నారు.

పక్క దేశపు రాణి మేరీ, సొంత మనుషులే తరిమేస్తే ఈమె దగ్గరికి పారిపోయి వచ్చిందనే దాకా చెప్పేసరికి అజాన్ వినిపించింది. మస్తాన్ అన్న లేచారు. "ఆ మేరీ, దగ్గరి చుట్టం, ఈమె కాడికొచ్చి తల దాచుకునె గదా. నేనొచ్చిందాకా ఆమె కత చెప్పాకు" అని మసీదుకి వెళ్లారు. మేం చేప చల్లారబెట్టుకుని కూర్చున్నాం. వచ్చాక చెప్పాను. పద్దెనిమిదేళ్లకు పైగా బందీగా ఉంచుకుని, చివరికి తల తీయించే కాగితం మీద సంతకం పెట్టిందని. మస్తాన్ అన్న చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశారు.

"అన్నేండ్లు ఇంట్లో అన్నం పెట్టి?"

"కుట్ర చేసిందన్నా. ప్రాణభయం."

"ఉండనీ. నీ రాణి మంచిదే గాని, ఆ పని మాత్రం నాకు మనసొప్పలే."

"నాకూ అక్కడే కష్టం" అన్నాను. రహస్యంగా పూజ చేసిన ఫాదర్లనూ ఆమె హయాంలో ఉరితీశారు. ఇష్టమైన మనిషి తప్పు చేస్తే దాచాలనిపిస్తుంది. దాచలేదు.

మూడింటికి ఇంట్లో ఉన్నాను. పద్నాలుగు పేజీలు మళ్లీ రాయలేదు. ఆదివారం పొద్దున కోట ఫోటో, పక్కనే ఏళ్ల పట్టిక బోర్డు మీద వేసి, "నిన్న నేను ఇది చూడటానికి వెళ్లి ఒక తప్పు చేశాను, ఏమిటో కనిపెట్టండి" అన్నాను. ఇరవై ఇద్దరు ఆడపిల్లలు లెక్కలు మొదలుపెట్టారు. ఒక ఈజిప్ట్ అమ్మాయికి ముందుగా దొరికింది. మేరీ దగ్గరికి వచ్చేసరికి క్లాసు రెండుగా చీలి వాదించుకుంది. నా గొంతు ఎవరికీ వినిపించలేదు, వినిపించాల్సిన అవసరమూ రాలేదు. బెల్ కొట్టాక కోఆర్డినేటర్ మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఈ పిల్లలని తీసుకెళ్లాలంటే కారా, బస్సా? వచ్చే టర్మ్‌లో ఒక శనివారం నువ్వే చూసుకో" అన్నారు. వచ్చే టర్మ్ అన్న మాట అర్థం కావడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది.

ఇన్నేళ్లూ ఆ రాణిని నేను ఒంటరిగా, పుస్తకంలో ప్రేమించాను. తప్పొప్పులు అడిగేవాళ్లు లేకపోతే ఎవరినైనా ప్రేమించడం తేలికే. రాయచోటి మనిషీ నర్సాపురం మనిషీ ఆమెను చేపలు తింటూ నిలదీశారు. ఆ తర్వాత కూడా ఆమె నాకు ఇష్టంగానే మిగిలింది, కొంచెం తక్కువ గొప్పగా, కొంచెం ఎక్కువ మనిషిలా.

మీరూ వెళ్తే ఒక్క మాట. కోట గేటు మూసి ఉందని వెంటనే తిరిగి రాకండి. ఎదురుగా కూర్చుని టీ తాగండి, మీకు తెలిసింది అక్కడి పెద్దవాళ్లకు చెప్పండి. అది తప్పని తేలడానికి ఒక గంట ఎక్కువ పెట్టుకుని బయల్దేరండి.