డ్రిల్లు మాస్టారి భార్య నడక

మా బావ గురించి చెప్పాలంటే ముందు పొట్ట గురించి చెప్పాలి. మా అక్క పొట్ట కాదు, ఆయనది. అక్కకు ఆరో నెల వచ్చాక కూడా ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఆయనదే కొంచెం ముందుండేది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పిల్లలు చాటుగా ‘విజిల్’ అంటారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వేలమంది పిల్లల్ని పరుగెత్తించాడు. తను మాత్రం గ్రౌండు మధ్యలో గొడుగు కింద నిలబడి ఊదాడు. ఊదడం కూడా వ్యాయామమేనని ఆయన గట్టి నమ్మకం.

అక్క కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా నిలబడి ఒకరి ముక్కు మీద ఫ్రేము సరిచెయ్యాలి, ఇంకొకరి చెవి వెనక కాడ వంచాలి. ఇంటికొస్తే వంట, ఆ తర్వాత బావ ట్రాక్ సూట్ ఇస్త్రీ. పెళ్లయ్యాక తనదంటూ మిగిలింది పొద్దున్నే పార్కులో నడక ఒక్కటే. పూర్తిగా తెల్లవారకముందే బూట్లు వేసుకుని వెళ్లిపోయేది. “ఆ కాసేపూ నన్నెవరూ ఏదీ అడగరే” అనేది నాతో.

కడుపుతో ఉందని తెలిసిన రోజే బావ ఆ నడక రద్దు చేశాడు.

“వాకింగ్ బంద్. మెట్లు బంద్. వంగడం బంద్.”

“డాక్టరమ్మ ఎప్పట్లాగే ఉండమంది కదండీ?”

“ఆవిడ చెప్తుంది, కుర్చీలో కూర్చుని! ఎంతమంది పిల్లల కాళ్లు విరగడం చూశాను నేను!”

విరిగిన కాలికీ కడుపులో బిడ్డకీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. నేను జీవశాస్త్రం చదువుకున్నదాన్ని. అప్పటికి నా పాపకు నాలుగు నెలలు. అది తుమ్మినా పుస్తకం తీసే భయస్తురాలిని. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆ భయం కొద్దీ చదివిన పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ, ఏ ఇబ్బందీ లేని మనిషిని మంచానికి కట్టెయ్యమని రాసి లేదు. ఆ మాటే బావతో అన్నాను. “నీ చదువు వేరు, నా అనుభవం వేరు” అన్నాడు. అది నిజమే. నా చదువులో మనుషులు పిల్లల్ని కంటారు, ఆయన అనుభవంలో పరుగెత్తుతారు.

బరువులెత్తకూడదని కూడా రూలు పెట్టాడు. అయితే ఆయన తడి తువ్వాళ్ల బకెట్టు బరువుల లెక్కలోకి రాలేదు. స్కూలు నుంచి తెచ్చిన బంతుల సంచీ కూడా రాలేదు. అక్క దుకాణానికి వెళ్లి, ఆమెకు స్టూలు వేయించమని యజమానికి ఉపన్యాసమిచ్చి వచ్చాడు. ఇంట్లో వంటగట్టు దగ్గర మాత్రం స్టూలు వెయ్యాలని తోచలేదు. దాని మీద ఆయన బూట్లు ఉండేవి.

నడక మానేసి నెలలు గడిచేసరికి అక్కకు నడుం పట్టేసింది, పాదాలు ఉబ్బాయి, రాత్రిళ్లు నిద్ర కరువైంది. డాక్టరమ్మ బీపీ చూసి, పరీక్షలన్నీ చేయించి, “అంతా బాగానే ఉంది. అలవాటైన నడక ఎందుకు మానేశావమ్మా? మళ్లీ మెల్లగా మొదలుపెట్టు” అంది.

అక్క ముఖం వెలిగింది. అది ఒక్క నిమిషమే.

“నడవాలా? అయితే పద్ధతిగా నడవాలి” అన్నాడు బావ. “నేనొస్తాను.”

మర్నాడు నేను పాపను గుండెకు కట్టుకుని వెనకాలే వెళ్లాను. బావ గడ్డి మధ్యలో నిలబడ్డాడు. అక్క చుట్టూ తిరగాలి. విజిల్ ఒకసారి మోగితే మామూలు నడక, రెండుసార్లు మోగితే వేగం. కాన్పు అంటే ఆయన దృష్టిలో జిల్లా పోటీలు.

“ఫైనల్స్ దగ్గర పడుతున్నాయి. స్టామినా పెంచాలి! చేతులు ఊపు! వరుసలో మాటలొద్దు!”

వరుసలో ఉన్నది మా అక్క ఒక్కతే.

మూడో రోజు నేను పక్కకు వెళ్లి “అక్కా, బాగున్నావా?” అని అడిగాను. జవాబివ్వడానికి నోరు తెరిచింది, మాట రాలేదు. కంచె పట్టుకుని ఆగిపోయింది. పెదవులు పాలిపోయాయి. బెంచీ మీద ఎడమవైపుకు ఒరిగేలా కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. బావ దూరం నుంచే అరిచాడు: “మాట్లాడితే శ్వాస వేస్టవుతుందని చెప్పానా లేదా!”

ఆటో పిలిచి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాను. బావ కూడా మాతోనే ఎక్కాడు. బిడ్డ గుండె చప్పుడు వినిపించేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు. చప్పుడు టకటకా వినిపించింది. ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. బావ కూడా పీల్చుకున్నాడు, అది ఒప్పుకోవాలి.

జరిగింది విని డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “మాస్టారూ, నడుస్తున్న మనిషి మామూలుగా మాట్లాడగలగాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. ఆపి కూర్చోబెట్టాలి. రెండు రోజులు ఆగి, మెల్లగా మొదలుపెట్టండి. మీరే పక్కన నడుస్తూ కబుర్లు చెప్పండి.”

“కబుర్లా?” అన్నాడు బావ, చీపురు చేతికిచ్చినట్టు చూస్తూ.

రెండు రోజుల తర్వాత కబుర్లు అక్కే మొదలుపెట్టింది. నేను వెనక నుంచి వింటున్నాను.

“మీ తమ్ముడు మన మిక్సీ తీసుకెళ్లి ఏడాదైందండీ. అడుగుతానన్నారు, అడిగారా?”

“ఊ.”

“ఊ అంటే కుదరదు. ఇద్దరూ మాట్లాడాలంది డాక్టరమ్మ. సరే, పుట్టాక రాత్రిళ్లు పాపాయిని ఎవరు ఎత్తుకుంటారు? స్టూలు మీద మీ బూట్లు ఎప్పుడు తీస్తారు? నేను నిలబడే వండుతున్నానని తెలుసా మీకు?”

అక్క హాయిగా, మెల్లగా నడుస్తోంది. మాట ఎక్కడా తెగడం లేదు. రెండో చుట్టు సగంలో బావ నోరు తెరుచుకుంది. మెడ మీంచి చెమట కారుతోంది.

“అది... నేను... వాడికి...”

“ఏంటండీ, వినపడలేదు?”

“వాడికి... ఫోను...”

“అయ్యో, మాట తెగిందండీ! ఆగండి, ఆగండి. కూర్చోండి.”

మా అక్క ఆయన్ని చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, తన నీళ్ల సీసా ఇచ్చింది. అటుగా వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగి ఇద్దరినీ తేరిపార చూసింది.

“మాస్టారికి ఎన్నో నెలమ్మా?”

బావ విననట్టు ఆకాశం చూశాడు. నవ్వు ఆపుకోలేక నేను పాప టోపీలో ముఖం దాచుకున్నాను.

మర్నాడు ఆయన లేవలేదు. దుప్పట్లోంచే చెప్పాడు: “మోకాలు పట్టేసింది. మీ చెల్లెల్ని తోడు తీసుకెళ్లు. మెల్లగా నడువు, మాట్లాడుతూ నడువు.” ఆ విద్య తనే కనిపెట్టినట్టు చెప్పాడు. సాయంత్రానికల్లా స్కూల్లో మిగతా మాస్టర్లకు కూడా చెప్పేసి ఉంటాడు.

నేను అప్పటికే నీళ్లు, ఫోను, డాక్టరమ్మ నంబరు సిద్ధం చేసుకుని ఉన్నాను. పార్కు గేటు దగ్గర అక్క నా చేతిలోంచి సీసా, ఫోను తీసుకుంది.

“ఇక నువ్వు ఇంటికెళ్లవే.”

“నేనా? నేనేం చేశాను? పోనీ, మాట తెగితే?”

“తెగితే కూర్చుంటా. ఫోనుంది కదా.”

“మరి ఎవరితో మాట్లాడతావ్?”

“ఎవరితోనూ మాట్లాడక్కర్లేదనే కదే నేనిక్కడికి వచ్చేది! మధ్యమధ్యలో రెండు ముక్కలు పైకి అనుకుంటాలే. వెళ్లు, పాపకు చలేస్తోంది.”

పాపకు చలెయ్యడం లేదు. అయినా ఉన్ని టోపీ చెవుల మీదకు లాగి, గేటు బయటే నిలబడ్డాను. అక్క మొదటి మలుపు దగ్గర వెనక్కి తిరిగి, ఇంకా అక్కడే ఉన్న నన్ను చూసి, వెళ్లమన్నట్టు చెయ్యి విసిరింది.

వెళ్లాను.